మూడు గుక్కల సీసా

కోసాడ్, సూరత్.

ప్రమీలక్కకు చెల్లెలు మంగ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నీ మరిది పరుశురాం, నీ బిడ్డ హిమశ్రీ ఈ రోజుకు క్షేమంగానే ఉన్నాం. బావకు మోకాలి నొప్పి తగ్గిందని, నువ్వు బాగున్నావని తలుస్తాను.

ఊరి నుంచి వచ్చిన ఎల్లవ్వ చేత పంపిన మామిడికాయ తొక్కు, ఉత్తరం అందాయి. తొక్కులో ఉప్పు కాస్త ఎక్కువైందట. నీ మరిది సగం డబ్బా ఖాళీ చేసి మరీ ఆ మాట అన్నాడు. ఫోనుండగా మళ్ళీ ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. ఫోనులో నీ గొంతు వింటే నా నోటికి అబద్ధాలు వస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. హిమశ్రీ కాలేజీకి మానకుండా వెళుతోంది. సెలవుల్లో మాత్రమే నా వెంట చీరల ఫోటో షూటింగులకు వచ్చింది. ఇక్కడి వ్యాపారులు కొత్త చీరలను అమ్మాయిలకు కట్టించి, ఫోటోలు తీయించి ఊరూరా పంపుతారు కదా, ఆ చీరలు కట్టడం నా పని. వాళ్ళ నీళ్ళూ చాయ్ చూసుకోవడం కూడా నా నెత్తినే ఉంటుంది. నీ బిడ్డ ఆ చీరల్లో ఎంత బాగుంటుందో రాయను, దిష్టి తగులుతుంది.

ఇక పిల్లకు షూటింగుకు ఎలాంటి సీసా కొనాలి, కరీంనగర్‌లో చూసిన స్టీలు ఫ్లాస్కు పనికొస్తుందా అని అడిగావు. ఈ విషయంలో నన్ను మించిన పండితురాలు సూరత్‌లో లేదనుకునేదాన్ని. చాయ్‌కి స్టీలు ఫ్లాస్కే మంచిది, కానీ మూత తిప్పేదై ఉండాలి. నొక్కితే పోసే రకమైతే ఆటో కుదుపులకు కారి చీరల మూటను తడుపుతుంది. పలచటి ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు డుమస్ బీచి ఎండకు గంటలో వేడెక్కి వాసనేస్తాయి. వెడల్పు మూతి సీసాలో ఐసుముక్కలు పడతాయి, కానీ ఎత్తి తాగితే జాకెట్టు మీద ఒలుకుతుంది. శర్బత్తు, సోడా దగ్గరికే రానివ్వను, ఒక్క మరక పడితే ఆ చీర పోయినట్టే. ఇవన్నీ ఆలోచించి అమ్మాయిలకు గొట్టంతో పీల్చే చిన్న సీసాలు కొన్నాను. చంటిపిల్లలు బడికి తీసుకెళ్ళేంతవి, మూడు గుక్కలు పీలిస్తే అయిపోతాయి. పెదాల రంగు చెదరదని అందరికీ చెప్పాను. “వాహ్ మంగాబెన్, క్యా దిమాగ్ హై!” అని చీరల వ్యాపారి ఓంప్రకాష్ సేట్ నా తెలివిని మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

పెదాల రంగు మాట అబద్ధం అక్కా.

మేము ఫోటోలు తీసే సముద్రం ఒడ్డున మరుగుదొడ్డి లేదు. ఆటోలో పెట్రోల్ బంకు దాకా పోవాలి. పదిహేను పిన్నులు పెట్టి కట్టిన చీర విప్పాలి, తిరిగొచ్చాక మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టాలి. ఒక్కో అమ్మాయికి ముప్పావుగంట పోతుంది. రోజుకు ఇరవైనాలుగు చీరలు అయితీరాలి. తాగకపోతే వెళ్ళే పనే ఉండదని నేనే అనుకున్నాను. సేట్ చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. మనిద్దరం నూలు కండెలు చుట్టే షెడ్డులో దొడ్డి లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు తడుపుకోకుండా కూర్చునేవాళ్ళం, గుర్తుందా? ఆ షెడ్డు యజమానిని నువ్వు తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు నాకు చెందుతాయి.

పోయిన నెల హిమశ్రీకి కాస్త ఎండదెబ్బ తగిలిందని నీతో చెప్పాను. అది ఎండదెబ్బ కాదు. వరసగా తొమ్మిది రోజులు షూటింగు జరిగింది. తొమ్మిదో రోజు పదకొండింటికి నా దగ్గరికొచ్చి, “చిన్నమ్మా, జర నీళ్ళియ్యవా, గొంతు ఎండుతుంది,” అంది.

“అన్నం తినేదాక ఇంక నాలుగు చీరలే ఉన్నయి బిడ్డా. గుక్కెడు తాగు, చాలు,” అన్నాను.

గుక్కెడే తాగి సీసా నా చేతికిచ్చింది. ఆటోలో పెద్ద నీళ్ళ డబ్బా నిండుగానే ఉంది. మధ్యాహ్నం మళ్ళీ అడిగింది, మళ్ళీ గుక్కెడే చాలన్నాను. ఆ తరువాత అడగలేదు. సాయంత్రానికి చలితో వణుకుతూ ఇసుకలో కూలబడింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందన్నారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆ నాలుగు రోజులూ నువ్వు ఫోన్ చేస్తే పడుకుందని, స్నానానికి పోయిందని చెప్పింది నేనే.

డాక్టర్ హైమవతి గారు మన తెలుగావిడే. భాష రాదని తప్పించుకునే దారి కూడా లేకపోయింది. “రోజంతా ఎండలో ఉండి ఈ పిల్ల నీళ్ళెందుకు తాగలేదమ్మా?” అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి నీ బిడ్డ, “నేనే యాది మర్చిన మేడం. చిన్నమ్మ తాగుమనే అన్నది,” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల జ్వరంలో నా పరువు కాపాడుతుంటే, నేను గోడ చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కూడా నిజం చెప్పలేదు అక్కా.

మందులు అయిపోయాయి, కిడ్నీకి ఇక భయం లేదన్నారు. ఆ చిన్న సీసాలు పారేసి లీటరువి కొన్నాను. దొడ్డి లేని చోటికి చీరలు కట్టడానికి రానని సేట్‌తో చెప్పాను. “తో దూస్రీ కో బులాయేంగే,” అన్నాడు. వేరేదాన్నే పిలుచుకోమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకు తెలియక కాదు.

నీకు చెప్పవద్దని హిమశ్రీ నా చేత ఒట్టు వేయించుకుంది. “అమ్మకు తెలిస్తే చదువు మాన్పిచ్చి తీస్కపోతది చిన్నమ్మా,” అని ఏడ్చింది. ఆ ఒట్టు ఈ రోజు తప్పుతున్నాను. దాన్ని హాస్టల్లో వేస్తావో, నా దగ్గరే ఉంచుతావో నీ ఇష్టం. తప్పు నాది, చదువు మాత్రం మాన్పించకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇన్ని రోజులు దాచి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న మధ్యాహ్నం పిల్ల చెమటలు కారుతూ కాలేజీ నుంచి వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోయి బిందెలో గ్లాసు ముంచింది. నోటి దాకా తెచ్చి ఆగి, నా వైపు తిరిగి, “చిన్నమ్మా, తాగనా?” అని అడిగింది.

ఇట్లు,
నీకు ముఖం చూపలేని చెల్లెలు,
మంగ