సవతికి కుట్టిన పరికిణీ

పాచిపెంట,
వైశాఖ బహుళ తదియ, 1926

అక్కయ్యకు నమస్కారాలు.

ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నారని తెలిసి, నా మనసు కుదుటపడాలని నువ్వు పంపిన పట్టుగుడ్డ అందింది. దానితో పెళ్ళికూతురికి పరికిణీ కుట్టమన్నారు ఆయన.

"పదేళ్ళ గుంట కదండీ!" అన్నాను.

"పెరుగుతాదిలే. నీ సేతికుట్టు బాగుంటాది, బేగి కానీ" అన్నారు.

అరుగు మీద కుడుతుంటే, విస్తళ్ళకి అడ్డాకులు అమ్మే కొండమనిషి సోములమ్మ చూసి సంగతి అడిగింది. విని, "మాలో అయితే అలాటి మొగుణ్ణి ఒగ్గేసి ఇంకో ఇల్లు సూసుకుంటాం. నువ్వేటమ్మా, సవితికి బట్టలు కుడతన్నావు?" అంది. నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.

మొన్న సాలూరులో పెళ్ళయింది. నిన్న ఆ పిల్ల బండి దిగుతూనే ఆకలంది. చింతచిగురు పప్పుతో అన్నం కలిపి పెట్టాను.

"ఈ పరికిణీ నువ్వే కుట్టావేటి, పిన్నీ?" అంది ముద్ద నోట్లో పెట్టుకుని.

"పిన్ని కాదు, అక్క అను" అని ఆయన గదిమారు. పిల్ల బెదిరి, వాళ్ళమ్మ కావాలని ఏడుపు మొదలుపెట్టింది. ఇంకా మానలేదు.

నన్ను తీసుకుపోవడానికి బావగారిని పంపుతానన్నావు. వద్దక్కయ్యా. దీన్ని ఊరుకోబెట్టడానికి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?

నీ చెల్లెలు