మాకు ఇంకో పేరు లేదమ్మా

నెఫీసె అక్కకు,

నీ చేతులు కళ్లకద్దుకుంటూ తమ్ముడు రాసేది. బావకూ పిల్లలకూ సలాములు. ఇక్కడ అందరం కులాసా అని మొదట రాయాలి కనుక రాస్తున్నాను, చివరిదాకా చదివాక ఆ మాట కొట్టెయ్. పొగాకు ఈసారి వేయలేదు, ఆకు గుచ్చడానికి మనుషుల్లేరు. పెరట్లో మిరప మాత్రం విరగకాసింది. గుల్తేన్ మోకాళ్లు ఎప్పటిలాగే దాన్ని సతాయిస్తున్నాయి.

ఫోన్ ఎత్తడం లేదని కోపంతో ఉత్తరం రాశావు. అమ్మను టర్కీకి, బుర్సాకు ఎప్పుడు తీసుకొస్తావు, ఒక్క గుర్తింపు కార్డుకు ఇంతకాలమా, అమ్మకు ఫోన్ ఎందుకివ్వవు అని నిలదీశావు. చివర "మీ ఆవిడ ఒప్పుకోవడం లేదా?" అని ఓ ముల్లు కూడా గుచ్చావు. గుల్తేన్‌ని ఏమీ అనకు అక్కా. అమ్మకు తల దువ్వేదీ, గుడ్డలు మార్చేదీ అదే.

ముందు కార్డు సంగతి. అమ్మ కార్డు పోయిందని నీకు చెప్పాను. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. పరుపులు విప్పి వెతికాం, పిండి డబ్బాలు బోర్లించాం. దొరకలేదు. కొత్త దానికి పట్నంలో ఆఫీసుకు వెళ్తే కిటికీ వెనకావిడ తల ఎత్తకుండానే "మనిషి రావాలి" అంది.

"నడవలేదమ్మా, మంచంలో ఉంది."

"అయితే డాక్టరు కాగితం తెండి."

తెచ్చాను. ఈ డాక్టరు పనికిరాడు, పెద్ద డాక్టర్లు రాయాలంది. అదీ తెచ్చాను. మన టర్కిష్ పేర్లు పీకేసి సర్కారు బల్గేరియన్ పేర్లు తగిలించిన ఎనభై ఐదు చలికాలం గుర్తుందిగా? అప్పుడు మంచులో కుక్కల్నీ తుపాకుల్నీ వెంటేసుకుని ఇంటింటికీ వాళ్లే వచ్చారు. ఏ డాక్టరు కాగితమూ అడగలేదు.

చివరికి వచ్చారు, ఫొటో పెట్టె మోసుకుని ఒక మగాడు, యూనిఫాంలో ఒక ఆడపిల్ల. పిల్ల మంచిదే, గుమ్మంలో బూట్లు విప్పింది. అమ్మ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. "అవ్వా, ఇటు చూడు. నీ పేరు చెప్పు" అంది.

అమ్మకు మతి తప్పుతోందని నీకు తెలుసు, ఎంతవరకు వచ్చిందో తెలియదు. అమ్మ ఆ యూనిఫాం వంక చూసింది. తలగుడ్డ లాగేసి ఒళ్లో దాచుకుంది. నిటారుగా కూర్చుని బల్గేరియన్‌లో గట్టిగా చెప్పింది: "జ్లాత్కా అసెనోవా, కామ్రేడ్!"

మగాడు నవ్వాడు. "అవ్వకు రెండు పేర్లా? కార్డు మీద ఏది కొట్టమంటారు?"

"జుల్ఫియే. మీ రిజిస్టర్లో ఉన్నది చూసుకోండి" అన్నాను.

అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "వీడి మాట పట్టించుకోకండి కామ్రేడ్. వీడు మా రుమెన్, మంచివాడు. మాకు ఇంకో పేరు లేదమ్మా. ఆ పాత కార్డు నేనే పొయ్యిలో వేశాను. కావాలంటే చూసుకో." తనే పొయ్యి తలుపు తెరిచి చూపించింది.

ఆ పిల్ల నా వైపు తిరిగి "జ్లాత్కా ఎవరండీ?" అని అడిగింది. నిజంగానే తెలియదు దానికి. "మీ ఆఫీసు పెట్టిన పేరే తల్లీ" అన్నాను. దాని మొహం ఎర్రబడింది.

కార్డు వచ్చింది. పైన అచ్చులో జుల్ఫియే, కింద అమ్మ చేత్తో పెట్టిన సంతకం జ్లాత్కా. అమ్మ కంటబడకుండా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. నీ దగ్గరికని కారెక్కించబోతే గుమ్మం పట్టుకుని "మమ్మల్ని వెళ్లగొట్టకండి, మేం చెప్పినట్టే వింటున్నాం కదా" అని ఏడ్చింది. ప్రయాణం ఆ రోజుతో సరి.

ఫోన్ సంగతీ అంతే. నువ్వు మన భాషలో "అమ్మా" అనగానే ఫోన్ దిండు కింద కుక్కి దానిమీద కూర్చుంది. ఆ భాష వినబడితే జరిమానా వేస్తారట.

ఇక నీకు చెప్పలేక ఫోన్ ఎత్తకుండా దాక్కున్న మాట. మన భాషలో పిలిస్తే అమ్మ అన్నం ముట్టదు. నేను బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. పళ్లు బిగించుకుని గోడవైపు తిరిగింది. చివరికి గుల్తేన్ ఏడుస్తూ వాళ్ల భాషలో "జ్లాత్కా, కాస్త తాగు" అంది. గిన్నె ఖాళీ చేసింది. అప్పటినుంచి మా ఇంట్లో నేను రుమెన్‌ని, అది గలీనా. ఆ దొంగ పేరుకు పలకనని నాన్న నిర్బంధ శిబిరానికి పోయాడు, తిరిగొచ్చి దగ్గి దగ్గి చచ్చిపోయాడు. ఆయన భార్యను ఆయన కొడుకే పూటపూటా ఆ పేరుతో పిలిచి చారు తాగిస్తున్నాడు. ఛీ, ఏం బతుకక్కా ఇది! వాళ్లు అప్పుడు గెలవలేదు, ఇప్పుడు మా వంటింట్లో గెలిచారు.

అమ్మ మంచు పడేదాకా కూడా ఉండదంటున్నారు డాక్టర్లు. నువ్వు రావాలి. ఎనభై తొమ్మిదిలో సరిహద్దు దాటబోతూ, వాళ్లు పెట్టిన పేరు మళ్లీ నా నోట రాదని ఒట్టు పెట్టుకున్నావు. పక్కనే ఉండి విన్నాను, మర్చిపోలేదు. కానీ నెఫీసెగా వస్తే అమ్మ నిన్ను గడప తొక్కనివ్వదు. మొన్న జ్వరంలో "మా నెవెనా ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. నెఫీసె ఊసే ఎత్తలేదు.

తలగుడ్డ బస్సులోనే తీసెయ్. తలుపు తట్టగానే "ఎవరు?" అని లోపల్నుంచి వాళ్ల భాషలోనే అడుగుతుంది. అప్పుడేం చెప్తావో నేను చెప్పను. నేనేం చెప్పానో చెప్పేశాను.

ఇట్లు,
ఈ ఇంట్లో ఇప్పుడెవరూ పిలవని నీ తమ్ముడు,
రిద్వాన్