ఎడమ పిడి మీద మీట

రెవెల్‌స్టోక్,
సోమవారం.

లోర్న్ బావకి,

ఆసుపత్రి మంచం మీంచి ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు.

నా మంచుబండికి ఎడమ పిడి మీద కూడా యాక్సిలరేటర్ మీట బిగించావని నిన్నెంత తిట్టాను! "ఎడమ చెయ్యి బ్రేకుకే బావా. రెండూ ఒక్కచోట పెడితే కంగారులో ఏది నొక్కుతానో ఏమో" అన్నాను. అన్నట్టే మొదటిరోజే రెండూ కలిపి నొక్కి నీ కంచె విరగ్గొట్టాను. "కొండవాలు నీ ఎడమ పక్కనున్న రోజు దాని విలువ తెలుస్తుందిలే మరదలా" అంటూ నువ్వు మేకులు ఏరుకున్నావు.

శనివారం తెలిసింది. ఒంటరిగా వెళ్ళాను, అందుకు అక్క ఇప్పటికే గడ్డి పెట్టింది, నువ్వు మళ్ళీ మొదలెట్టకు. బండి దొర్లి కుడి మణికట్టు విరిగింది. తిరుగుదారంతా కొండ ఎడమ పక్కనే. బండి పల్లంలోకి దొర్లకుండా ఎడమ అంచున నిలబడి, కొండవైపు ఒరిగి, ఎడమ బొటనవేలితోనే పది మైళ్ళు నడిపాను.

మీ ఇల్లు చేరేసరికి వేళ్ళు మొద్దుబారాయి, దిగి తలుపు తట్టే ఓపిక కూడా లేదు. బ్రేకు వేయబోయి మళ్ళీ రెండూ నొక్కాను. మళ్ళీ నీ కంచే!

మన వీధిలో మంచుబండి మోతకు ఎవరూ తలెత్తరు. కంచె విరిగిన చప్పుడుకే కదా నువ్వు మేజోళ్ళతో మంచులోకి పరుగెత్తుకొచ్చావు? బ్రేకు సరిగ్గా పడుంటే నీ వాకిట్లోనే గడ్డకట్టుకుపోయేదాన్ని.

మీట తియ్యకు బావా. కంచె కూడా అంత గట్టిగా కట్టకు.

నీ మరదలు