గేరు తీగ నా దగ్గరుంది

మొండయ్యా, అన్నం ఉట్టి మీద ఉంది, తిను. ముందు పాత తీగ కోసిన వేలికి పసుపు పెట్టుకో.

గోదావరిలో గేరు పడక ఆగిపోయిన లాంచీకి వేద్దామని నువ్వు కోరుట్ల నుంచి తెచ్చిన కొత్త గేరు తీగను, దాని కొక్కేలను నేను తీసుకుని వెళ్తున్నాను. వెతకకు. నువ్వు బయటికి వెళ్లగానే ఎస్సై వచ్చి, "రేపటికల్లా లాంచీ నడవాలె, మేం అవుతల ఒడ్డుకు పోవాలె" అన్నాడు. ఆయన వెళ్లిన గంటకే తువ్వాల కప్పుకున్న అడవి అన్నల మనిషి ఒకడు వచ్చి, "అక్కా, గా లాంచీ నడిస్తే మీ తమ్ముణ్నే అడుగుతం" అన్నాడు.

"ఆ పని నాకు రాదు" అని ఎస్సైకి మొదటే చెప్పమంటే విన్నావా? చెడిపోయిన ఇంజను కనిపిస్తే నీ చేయి ఊరుకోదు.

ఎవరు అడిగినా, అక్క పట్టుకుపోయిందని చెప్పు. ఏ ఊరికో తెలియదని చెప్పు. నీకు అబద్ధమాడటం చేతకాదు, ఇవి రెండూ నిజాలే. ఈ చీటీ పొయ్యిలో వెయ్యి.

– అక్క

చెప్పులు వేసుకుని రెండుసార్లు విప్పాను. నువ్వు వచ్చేదాకా ఉండాలనిపించింది. కానీ నువ్వు ఎదురుగా నిలబడి "ఇయ్యే అక్కా" అంటే ఇచ్చేస్తాను. అందుకే ఇప్పుడే పోతున్నాను.