నాలుగు వేళ్ళ మడత

ఒరే తమ్ముడూ,

ఫోన్ చేస్తే గ్రౌండ్‌లో ఉన్నానంటావు, గ్రౌండ్‌లో లేకపోతే మీటింగంటావు, అందుకే ఈ ఉత్తరం. నీ ఫుట్‌బాల్ పిల్లల ప్యాంట్ల మూట చేరే ఉంటుంది, పదహారూ సరిచూసుకో. మూట అడుగున ఒక అట్టపెట్టె ఉంది. దాన్ని పిల్లల ముందు విప్పకు. ముందు ఇది చదువు, తర్వాత పెట్టె విప్పు, ఆ తర్వాత నన్ను తిట్టుకో.

నిన్న మధ్యాహ్నం నా కొడుకు నీ హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. సెమీఫైనల్లో రెండు గోల్స్ కొట్టినవాడు ఎగిరి గంతేస్తూ చెప్పాలా వద్దా? "అమ్మా, మోకాలు లాగుతోంది" అన్నాడు. "ఏ మోకాలు రా?" అన్నాను. "రెండూ" అన్నాడు. అప్పటినుంచీ మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోతోంది. ఒక చొక్కాకి కాలర్ తిరగేసి కుట్టి మళ్ళీ విప్పాను.

నాలుగేళ్ళుగా నీ టీం బట్టలన్నీ నా కొట్లోనే కదా కుడుతున్నది. ప్రతి ప్యాంటుకీ అడుగున నాలుగు వేళ్ళ మడత లోపలికి వదిలి కుడతాను. పిల్లాడు ఎదిగినప్పుడల్లా కాస్త విప్పుతాను. నువ్వు పిల్లల్ని గోడకి నిలబెట్టి నెత్తిమీద గీతలు గీస్తావు చూడు, నాకు ఆ గోడ అక్కర్లేదు. నా కొడుకు మడత పన్నెండో ఏట మూడుసార్లు విప్పాను. మీరంతా వాణ్ణి పొడుగోడా పొడుగోడా అని నెత్తిన పెట్టుకున్నారు. ఆఖరిసారి విప్పి ఏడాదిన్నర అయింది. ఈ మూటలో మాత్రం మిగతా పిల్లలవి పదకొండు విప్పాను. పొట్టివాడని నువ్వు బెంచీ మీద కూర్చోబెట్టావే, ఆ బొంగరంగాడు, వాడివి ఈ ఏడు రెండుసార్లు. వాళ్ళంతా వచ్చేస్తున్నారు రా. ఇంకో ఏడాదికి అందరూ భుజం భుజం సమానమవుతారు. అప్పుడు నా కొడుకు ఎవర్ని తోసుకుని పోతాడు?

ఇంకోటి. నా దగ్గర బ్యాగులు కుట్టే పెద్ద మిషనుంది కదా అని మీ హాస్టల్ వాళ్ళు చిరిగిన బూట్లు కూడా మూటలో పడేస్తారు. నేను దర్జీని రా బాబూ, బూట్ల డాక్టర్ని కాదు అని విసుక్కుంటూనే కుడతాను. నా కొడుకు కుడి బూటు ముందు భాగం నాలుగుసార్లు కుట్టాను. ఎడమది ఒక్కసారి కూడా రాలేదు. సెలవులకి వచ్చినప్పుడు చూశాను, నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోంది. ఆ కాలితో వాడు నిలబడడం తప్ప ఇంకేం చెయ్యడా? నువ్వు చేయించావా?

ఇప్పుడు పెట్టె విప్పు. అవి నీ బూట్లే. ఇరవై రెండేళ్ళుగా నా గుండీల సొరుగు కింద ఉన్నాయి. కుడిది చూడు, తర్వాత ఎడమది చూడు. పదమూడేళ్ళకే నాన్నంత ఎత్తున్నావు, నిన్ను ఆపే మొనగాడు లేడన్నారు. పదహారేళ్ళకి అందరూ నీ అంతయ్యారు, మీ కోచ్ నిన్ను బెంచీ మీదికి పంపాడు. మోకాలు పోయిందంటూ ఇంటికొచ్చావు. వాడవాడంతా అయ్యో పాపం అంది, అమ్మ కాపడం పెట్టింది. కట్టు గుడ్డలు ఉతికింది మాత్రం నేను. ఒకరోజు కుడి కాలు కుంటేవాడివి, ఇంకోరోజు ఎడమ కాలు కుంటేవాడివి. ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరనుకుని కట్టు విప్పేసి, బంతిని ఎడమ కాలితో గోడకేసి కొట్టావు. పదిసార్లు కొడితే పదిసార్లూ పక్కకి పోయింది. బంతిని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చావు. నేను కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా చెప్పలేదు.

వాణ్ణి ఫైనల్లో ఆడించకు. పెద్ద బ్యాచ్‌లో వెయ్యి. అక్కడ వాణ్ణి మించిన ఒళ్ళున్నవాళ్ళున్నారు, తోసుకుని పోవడం కుదరదు. ఓడనీ, ఏడవనీ. ఇప్పుడేడిస్తే తుడుచుకుని నేర్చుకోవడానికి టైముంది. కన్నతల్లినై ఉండి కొడుకుని ఆటలోంచి తియ్యమంటున్నానని నాకూ తెలుసు. కప్పు రాకపోతే నీ ఉద్యోగం ఏమవుతుందో అదీ తెలుసు. అయినా అడుగుతున్నాను, నాకు ఇంకెవరున్నారు అడగడానికి?

నీ అక్క


అక్కా,

పెట్టె విప్పి మూడు రోజులైంది. మొదటిరోజంతా నిన్ను తిట్టుకున్నాను. చేతిలో కత్తెరుంది కదా అని మనుషుల్ని కూడా కత్తిరించేస్తావా అనుకున్నాను. బూట్లు బీరువా వెనక్కి తోశాను. మళ్ళీ తీశాను, మళ్ళీ తోశాను. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను, మా ఆవిడ "మీకు చీమలు పట్టాయా?" అంటోంది.

నా బాధ కూడా విను. ఆదివారం ఫైనల్. కప్పు తెస్తే ఉంచుతాం, తేకపోతే వేరే కోచ్‌ని చూసుకుంటాం అని కమిటీ పెద్దాయన నా మొహమ్మీదే అన్నాడు. వాడు లేకుండా ఫైనలా? ఈ ఏడు మన గోల్స్‌లో సగానికి పైగా వాడివే. వాడు పరిగెత్తుకొస్తుంటే అవతలి పిల్లలు దడుచుకుని పక్కకి తప్పుకుంటారు. నేను గీత బయట నిలబడి "ఒళ్ళు వాడరా, ఒళ్ళు!" అని అరుస్తాను. అది నా మాట కాదక్కా. మా కోచ్ నన్ను చూసి అరిచిన మాట. నీ ఉత్తరం చదివేదాకా నాకా సంగతి తట్టనేలేదు.

నిన్న పొద్దున్న మిగతావాళ్ళు రాకముందే వాణ్ణొక్కణ్ణీ పిలిచాను. కుడి బూటు విప్పించి పక్కన పెట్టించాను. "ఎడమ కాలితో ఆ గీతదాకా బంతి తీసుకెళ్ళి తీసుకురా" అన్నాను. గట్టిగా ముప్ఫై అడుగులు ఉంటుందేమో. బంతి ఒకవైపు, వాడొకవైపు. మూడోసారి అది కంచె అవతల పడింది. "మామయ్యా, మోకాలు నొప్పి" అని కుంటుకుంటూ బంతి కోసం వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఎడమ కాలు కుంటాడు, తెచ్చేటప్పుడు కుడి కాలు కుంటాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వాడికి మొహం చూపించలేక నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

నా మోకాలికి ఎప్పుడూ ఏమీ కాలేదు. నీకు తెలుసు, అయినా నా చేత్తో రాయాలి కాబట్టి రాస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా ఆ కట్టుకథే చెప్పాను. మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ నా చేతిలో సంచీ అందుకుంటుంది. పిల్లలకైతే "ఈ మోకాలే గనక పోకపోతేనా" అని మొదలుపెడతాను. బొంగరంగాడు నోరు తెరుచుకుని వింటాడు, బెంచీ మీద కూర్చునే వింటాడు. వాడి గీత గోడ మీద కిందుందని పక్కన పెట్టాను గానీ వాడి కాళ్ళు ఏం చేస్తున్నాయో చూడలేదు. సిగ్గుగా ఉందక్కా.

నువ్వడిగింది చేస్తానని రాయడం లేదు. చెయ్యనని కూడా రాయడం లేదు. ఈ వయసులో ఉద్యోగం పోతే ఎక్కడికి పోను? ఆదివారం దాకా ఫోన్ చెయ్యకు. నువ్వు చేస్తే, నేనేం చేసినా అది నీకు భయపడి చేశానో నా అంతట నేను చేశానో తేలకుండా పోతుంది.

నీ తమ్ముడు


అమ్మా,

నెలరోజులుగా ఫోన్లో ఊఁ, ఆఁ అని పెట్టేస్తున్నానని బెంగ పెట్టుకున్నావట, మామయ్య చెప్పాడు. పెట్టుకుంటే పెట్టుకో, నీకలాగే కావాలి అనుకున్నాను. నన్ను తీయించింది నువ్వే కదా! ఇప్పుడు కోపం కాస్త తగ్గింది. పూర్తిగా కాదు.

ఫైనల్ రోజు సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. బట్టలు మార్చుకునే గదిలో మామయ్య పదకొండుమంది పేర్లు చదివాడు. నా పేరు లేదు. నా చోట్లో బొంగరంగాడు. వాడే నమ్మలేదు, "సార్, మళ్ళీ చదవండి" అన్నాడు. మామయ్య కాయితం మడిచి జేబులో పెట్టి, ప్యాంటు పైకి లాగి, కుర్చీ మీద కాలు పెట్టాడు. "చూడండి, ఈ మోకాలికి ఏ రోజూ ఏమీ కాలేదు. నాకు ఆట రాలేదు, అది చెప్పుకోలేక కుంటాను" అన్నాడు. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

మనం ఒక్క గోల్‌తో ఓడిపోయాం. బొంగరంగాడు ముగ్గురిని తిప్పేసి గోల్‌కేసి కొట్టాడు, బంతి గోల్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చేసింది. అమ్మా, వాడు పడ్డాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు, ఎవరూ వాడి దగ్గర బంతి లాక్కోలేకపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు. అది నాకు రాదని. మ్యాచ్ అయ్యాక మామయ్య మీద అరిచాను, "నీవల్లే ఓడిపోయాం!" అని. "అవున్రా, నావల్లే" అన్నాడు.

కమిటీవాళ్ళు మామయ్యని మన టీం నుంచి తీసేసి ఎనిమిదేళ్ళ పిల్లల బ్యాచ్‌కి వేశారు. జీతం తగ్గింది, అత్తయ్య ఇప్పుడు సంచీలు ఆయన చేతే మోయిస్తోంది. మొదటిరోజే మామయ్య పిల్లలు రాకముందు ఆ గోడకి సున్నం కొట్టేశాడు. గీతలన్నీ పోయాయి, అన్నిటికంటే పైనున్న నా గీత కూడా.

నేను పెద్ద బ్యాచ్‌లో ఉన్నాను. మొదటివారం బంతి నా కాలి దగ్గరికి వస్తే చాలు, పసివాడి చేతిలో పిప్పరమెంటు బిళ్ళ తీసుకున్నట్టు తీసుకుపోయేవారు. భుజం పెడితే వాళ్ళు కదలరు, నేనే పడతాను. రోజూ సామాను సర్దేసుకుని ఇంటికొచ్చేద్దామనుకునేవాణ్ణి. పొద్దున్న మాత్రం మామయ్య నన్ను చిన్నపిల్లల బ్యాచ్‌కి లాక్కుపోతాడు. అందరిచేతా కుడి బూటు విప్పిస్తాడు, నాతో సహా. వాళ్ళు నా నడుము దాకా కూడా రారు. ఒకడు నన్ను తాతయ్యా అని పిలుస్తాడు. మొన్న ఆ గడుగ్గాయిని దాటి బంతి గీతదాకా తీసుకెళ్ళాను, ఎడమ కాలితో. వాడు "తాతయ్య గెలిచాడు" అని ఏడ్చాడు. ఎనిమిదేళ్ళవాణ్ణి గెలిచి ఎగిరి గంతేశాను, సిగ్గులేకుండా.

నువ్వు ఏ మోకాలు అని అడిగావు గుర్తుందా? ఏదీ కాదమ్మా. ఒకడు నా దగ్గర్నుంచి బంతి తీసుకుపోయిన రోజు నుంచీ నొప్పని చెబుతున్నాను. నీకు అప్పుడే తెలిసిపోయిందా?

మూట పంపిస్తున్నాం. నా ప్యాంటు మడత ముట్టుకోకు, ఎదగలేదు. అడుగున ఒక్క బూటే ఉంటుంది, రెండోది ఎక్కడని వెతక్కు. ఎడమది, ముందు బొటనవేలి దగ్గర నోరు తెరిచింది. కాస్త గట్టిగా కుట్టు, శుక్రవారంలోగా కావాలి.

నీ కొడుకు