పడవ నెమ్మదించే చోటు

లేదన్నా, పడవలో కూర్చోలేదు, నిలబడే వెళ్ళాను. చోటు లేక కాదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కొంచెం ఖాళీ ఉంది. జరగండి అని అడగడానికి నోరు రాలేదు. ఇది నువ్వు అడగలేదులే. ఎక్కడో అక్కడ మొదలుపెట్టాలి కదా అని రాస్తున్నా.

సలాం అన్నా. నువ్వక్కడ కేరళలో బాగున్నావని అనుకుంటున్నా. ఇక్కడ అందరం బాగున్నాం అని ముందు రాయాలంట, పిన్ని చెప్పింది. పిన్ని బాగుంది, బాబాయ్ బాగున్నాడు, మేకలు బాగున్నాయి. అమ్మ సంగతి నీకు తెలుసు.

ఫోన్ చేసి మాట్లాడమన్నావు. అమ్మ మంచం పక్కనే ఉంటున్నా, మాట్లాడితే వింటుంది. బయటికి వెళ్ళినా నాకు ఫోన్‌లో మాటలు రావు, నీకు తెలుసుగా. అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటే నవ్వకు. మిల్లులో మీవాళ్ళకి చూపించకు.

నువ్వు అడిగినవి చెప్తా. సూదిమందు వేస్తున్నారా అన్నావు. డాక్టరు ఇంక వద్దన్నాడు. ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టండి అన్నాడు. అమ్మ ఎదురుగానే అన్నాడు. నేను తమలపాకుల మార్కెట్‌కి పోతున్నానా అన్నావు. పోవట్లేదు, అమ్మ దగ్గర ఎవరుంటారు. అమ్మ తింటుందా అన్నావు. అది చివర్లో చెప్తా. నాన్న దగ్గరికి వెళ్ళావా అన్నావు. అదే ఇప్పుడు చెప్పేది.

షబ్-ఎ-బరాత్ వస్తోందని అమ్మకి ముందు నుంచీ అదే ధ్యాస. మనం వదిలొచ్చిన దీవికి పోయి నాన్న గోరీ ఊడ్చి రా, పక్కన నా చోటు ఎవరైనా తీసుకున్నారేమో చూసి రా అని. తనని అక్కడే పెట్టాలని నీ దగ్గర కూడా మాట తీసుకుంది కదా. పంచడానికి పిన్ని బియ్యప్పిండి రొట్టెలు, శనగపప్పు హల్వా చేసింది. అమ్మ పడుకునే, "చక్కెర తక్కువ వెయ్యవే, ఆయనకి షుగరు" అంది. పిన్ని, "పోయినాయనకి షుగరేంటే అక్కా" అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పొద్దున పోటు ఎక్కాక పడవ వదిలారు. నిమాయ్ కాకా పడవే. మోటారు సైకిళ్ళు, గ్యాస్ బండలు, మరమరాల బస్తాలు, కాసెమ్ చాచా మేక, వీటన్నిటి మధ్యలో మేము. అందరి చేతుల్లోనూ రొట్టెల గిన్నెలే.

కాలవ దాటి మూరిగంగలోకి రాగానే గాలి. నది నువ్వు చూసినప్పటికంటే వెడల్పయింది. కరెంటు టవర్లు మాత్రం నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాయి. బురద గట్టు పక్కన ఆడపిల్లలు నడుముల్లోతు నీళ్ళలో నీలం వలలు లాగుతున్నారు, రొయ్యపిల్లల కోసం. హల్దియా పోయే ఓడ ఒకటి దూరంగా పోయింది. అది పోయాక చాలాసేపటికి దాని అల వచ్చి తగిలింది, మేక నా కాలు తొక్కింది. మన దీవి సన్న గీతలాగా కనపడింది. ముందు కొబ్బరిచెట్లు కనపడేవి కదా. ఇప్పుడు చెట్లు లేవు, ఉత్త గీతే.

నిమాయ్ కాకా నన్ను చూసి, "ఏరా ఇంతాజ్, నోట్లో వక్క పెట్టుకున్నావా? మీ అన్న అయితే ఈపాటికి నా ఇంజన్ని నాలుగు తిట్లు తిట్టేవాడు" అన్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నేను తల ఊపాను.

పాత కబరస్తాన్ మునిగిన చోట ఆయన ఇంజను తగ్గిస్తాడు కదా. హిందువైనా ఒక్కసారి కూడా మర్చిపోడు. అక్కడికి రాగానే తగ్గించాడు. మగాళ్ళు టోపీలు పెట్టుకున్నారు, ఆడాళ్ళు కొంగులు కప్పుకున్నారు, అందరూ చెప్పులు విప్పారు. రహిమా అవ్వ నీళ్ళలోకి వేలు పెట్టి చూపించి, "మా ఆయన ఆ వెదురు గుంజ దగ్గర" అంది.

కాసెమ్ చాచా, "కాదు, అక్కడ మా నాన్న. మీ ఆయన ఇంకా ఇవతల" అన్నాడు.

"నా మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలీదంటావా?"

"బతికున్నప్పుడు తెలిసేదా నీకు? టీ కొట్లన్నీ వెతుక్కుంటూ తిరిగేదానివి."

పడవంతా నవ్వింది, అవ్వ కూడా. రొట్టె తుంచి నీళ్ళలో వేసింది. "అదిగో, అది మా నాన్నకి పోయింది" అన్నాడు చాచా. "తిననీరా, ఆయనా ఆకలిమీదే పోయాడు" అంది అవ్వ.

ఆ చోటు దాటాం. ఇంజను పెంచాలి. పెంచలేదు. రేవు కనపడుతోంది, అయినా పడవ మెల్లగానే పోతోంది. ఎవరూ చెప్పులు తొడుక్కోవట్లేదు. నేను చెప్పులు వేసుకోబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. ఇంకా అయిపోలేదు."

నాకు అర్థం కాలేదు. ఎందుకని కూడా అడగలేదు. అవ్వే నా మొహం చూసి, "మస్జిదు వెనకాలది కూడా పోయింది బాబూ, మొన్న పెద్ద పోటుకి. మీకెవరూ చెప్పలేదా?" అంది.

మస్జిదు వెనకాలే కదన్నా నాన్న.

కిందకి చూశాను. మట్టి నీళ్ళు, ఏం కనపడలేదు. ఎటు చూస్తే నాన్న వైపు చూసినట్టో తెలియలేదు. నిమాయ్ కాకా ఇంజను మొత్తం ఆపేశాడు. పడవ దానంతటది రేవుకి కొట్టుకుపోయింది.

దిగి మస్జిదు దాకా వెళ్ళాను. వెనక గోడ లేదు, లోపల నుంచి నది కనపడుతోంది. ఇమామ్ సాబ్ చాప చుట్టుకుంటున్నాడు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. కొందరు తమవాళ్ళ ఎముకలు ముందే తీసుకుని పోయారంట. మనవాళ్ళెవరూ దీవి మీద లేరు కదా, నాన్నని ఎవరు తీస్తారు. "తెల్లారి చూస్తే నీళ్ళేరా" అన్నాడు. అమ్మ గురించి చెప్పాను. ఎలా చెప్పానో తెలీదు. ఆయన అర్థం చేసుకున్నాడు. "బడి దొడ్లో ఇద్దరిని పెట్టాం. ఈ వానలకి అదీ ఉండదు. తీసుకొచ్చి నీళ్ళలో పెడతావా? వద్దు బాబూ, ఆ ఒడ్డునే చూసుకోండి" అన్నాడు. రొట్టెలు ఆయనకే ఇచ్చేశాను.

ఈ ఒడ్డున కబరస్తాన్‌లో అమ్మకి చోటిమ్మని బాబాయ్ మస్జిదు కమిటీని అడిగాడు. "మా మొహల్లా వాళ్ళకే చాలట్లేదు. మునిగిన దీవుల వాళ్ళందరికీ ఇస్తే మేమెక్కడ పడుకోవాలి" అన్నారంట. బాబాయ్ మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే మాట. ఆయన మీద కోపం పెట్టుకోకు. వచ్చి దొడ్లో కూర్చుని ఏడ్చాడు, నేను చూశాను.

అన్నా, ఇంకోటుంది. ఇది పిన్నికి కూడా చెప్పలేదు.

నేను తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉంది. "ఊడ్చావా?" అంది. ఊడ్చానన్నాను. "గడ్డి బాగా పెరిగిందా?" అంది. కొంచెం అన్నాను. "నా చోటు?" అంది. ఉంది అన్నాను. నీకు అబద్ధాలు రావురా అని నువ్వే అంటావు. వచ్చాయి.

"ఎటుపక్క?" అంది. తూర్పు పక్క అన్నాను, నోటికి ఏదొస్తే అది. అమ్మ కాసేపు ఆలోచించుకుంది. గోరీల్లో అందరూ పడమటికే కదా తిరిగి పడుకునేది. "అయితే పోయాక కూడా ఆయన వీపే చూడాలన్నమాట" అని నవ్వింది. ఎన్నాళ్ళకో అలా నవ్వింది, దగ్గు వచ్చేదాకా.

అప్పటి నుంచి అమ్మ ఏడవట్లేదు. తినట్లేదు కూడా. అంతకుముందు గంజి తాగేది, మందు అడిగేది, ఇప్పుడు చెంచా పెడితే మొహం తిప్పేస్తోంది. "చాల్లేరా, అన్నీ కుదిరాయిగా" అంటోంది. చోటు ఉందని చెప్పాకే అమ్మ వదిలేసిందన్నా. లేదని చెప్తే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో. ఇప్పుడు చెప్దామని రోజూ మంచం దగ్గర కూర్చుంటున్నా. అమ్మ మొహం చూస్తే నోరు రావట్లేదు. అలాంటి మొహం మీద ఏం చెప్పను.

వస్తానన్నావు. కేరళ నుంచి ఇప్పుడు బయల్దేరినా అందవేమో అంటోంది పిన్ని. రావద్దని కాదు. రా. కానీ వచ్చి నన్ను తిట్టడం తర్వాత, ముందు ఒక్కటి చెప్పు. పిన్ని తెల్లబట్ట తెచ్చి పెట్టెలో దాచింది. బాబాయ్ నా వైపు చూస్తున్నాడు, ఇంట్లో ఉన్న కొడుకుని నేనే కదా. నేను నీ వైపు చూస్తున్నా.

ఇట్లు,
నీ మాట కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న
నీ తమ్ముడు ఇంతాజ్

అన్నా, అమ్మని ఎక్కడ పెడదాం?