పత్తి గోదాములో నీ నవల

రంగన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ నవల అమ్ముడుపోతోంది, నమ్ముతావా? ఆదోనిలో మా పత్తి గోదాము మూలన నువ్వు పెట్టిపోయిన కట్టలన్నీ ఎమ్మిగనూరు పాత పుస్తకాల వ్యాపారి కొన్నాడు. అన్నీ మొదటి ముద్రణే అని అతని సంబరం. రెండోది రానేలేదని నేను చెప్పలేదు. పేజీల్లో దూది దులపబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

“దులపొద్దన్నా! దూది ఉంటేనే రచయిత గోదాములో దాచిన సరుకని కొనేటోళ్లు నమ్ముతారు.”

నిన్న మళ్లీ వచ్చాడు. వేరేచోట ఇంకొన్ని ప్రతులు దొరికాయట, గుప్పెడు దూది కావాలట!

ఆ మూల ఖాళీ చెయ్యమని నువ్వు బతికున్నన్నాళ్లూ సతాయించాను. ఇప్పుడు ఖాళీ అయింది. పొద్దున హమాలీలు అక్కడ బేళ్లు దించబోతే గట్టిగా అరిచాను.

“ఆడ దించొద్దప్పా! అది మా రంగన్న జాగా.”